పొగకు దారి, మనిషికి ఊపిరి
(పరవాడలో జరిగిన విశ్రాంత ఉద్యోగుల కుటుంబ సమ్మేళనంలో చేసిన ప్రసంగ పాఠం)



పింఛను గురించి, వైద్య సౌకర్యం గురించి, నవంబరు నెలలో ఇవ్వవలసిన లైఫ్ సర్టిఫికెట్ గురించి నాకంటే బాగా తెలిసిన పెద్దలు ఇప్పటికే మాట్లాడారు. కార్యదర్శిగారు నాకు ఇరవై నిమిషాలు ఇచ్చి, "బాయిలర్ మనిషివి, నీకు తెలిసిందే చెప్పు" అన్నారు. సర్వీసంతా నేను చూసింది నిప్పు, గాలి, పొగ. అందుకని ఇంట్లో వచ్చే పొగ, వాసన గురించి చెబుతాను. ముఖ్యంగా పెల్లెట్ స్టౌ గురించి. తెలుగులో గుళికల పొయ్యి అందాం.

పరవాడలో కూర్చుని గుళికల పొయ్యి మనకెందుకు అని మీకు అనిపించవచ్చు. రెండు కారణాలున్నాయి. మొదటిది, మన సభ్యుల్లో చాలామంది పిల్లలు అమెరికాలో ఉన్నారు. మనవడో మనవరాలో పుట్టగానే మనం ఆరు నెలలు అక్కడికి వెళుతున్నాం. చలి ప్రాంతాల్లో కొన్ని ఇళ్లలో హాల్లోనే ఈ పొయ్యి ఉంటుంది. పిల్లలు ఆఫీసుకు వెళ్లిపోతే ఇంట్లో పొయ్యితో ఉండేది మనమే. రెండవది, గుళికలు మన దేశానికి కూడా వచ్చాయి. థర్మల్ కేంద్రాల్లో బొగ్గుతోపాటు 5 శాతం బయోమాస్ గుళికలు కాల్చాలని కేంద్ర విద్యుత్ మంత్రిత్వ శాఖ 2021 అక్టోబరులో విధానం ప్రకటించింది. అంతకు ముందే, 2000 తర్వాతి దశకంలో, బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ శాస్త్రజ్ఞుల సాయంతో 'ఊర్జా' అనే గుళికల వంట పొయ్యి తయారై పొరుగు రాష్ట్రాల్లో అమ్ముడయింది. అందులో బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాను ఉండేది.

నిజానికి ఇది మనకు కొత్త కాదు. మా అమ్మ రంపపు పొట్టు పొయ్యి మీద వంట చేసేది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఉండేది. రేకు డబ్బాకు అడుగున ఒక కన్నం, మధ్యలో ఒక సీసా నిలబెట్టి చుట్టూ పొట్టు దట్టించి, సీసా మెల్లగా పైకి లాగేసేవారు. ఆ గొట్టం లాంటి ఖాళీలో గాలి పైకి పోతూ పొట్టు గంటల తరబడి కాలేది. పొట్టు తడిగా ఉన్నా, గొట్టం కూలిపోయినా ఇల్లంతా పొగే. గుళికల పొయ్యి ఆ పొయ్యికి మనవడు. అదే రంపపు పొట్టును ఎక్కువ ఒత్తిడితో నొక్కి ఆరేడు మిల్లీమీటర్ల లావున గుళికలు చేస్తారు. ఒత్తిడికి, వేడికి కట్టెలోని లిగ్నిన్ అనే పదార్థం మెత్తబడి అదే జిగురుగా పనిచేస్తుంది. పచ్చి కట్టెలో బరువులో దాదాపు సగం నీరుంటుంది. మంచి గుళికలో నీరు పది శాతం లోపే. అందుకే పొగ తక్కువ, వేడి ఎక్కువ.

ఇక పొయ్యి పనిచేసే తీరు. సింహాద్రిలో 500 మెగావాట్ల బాయిలర్ పక్కన పనిచేసినవారికి ఇది సులువుగా అర్థమవుతుంది. అక్కడ బొగ్గు బంకర్ ఉన్నట్టు ఇక్కడ పైన గుళికల తొట్టి ఉంటుంది. ఫీడర్ ఉన్నట్టు ఇక్కడ ఒక మర ఉంటుంది, అది తిరుగుతూ కొద్దికొద్దిగా గుళికలను నిప్పు గిన్నెలో పడేస్తుంది. ఐ.డి. ఫ్యాన్ ఉన్నట్టు ఇక్కడ వెనుక భాగంలో పొగను లాగి బయటికి నెట్టే చిన్న ఫ్యాను ఉంటుంది. మన బాయిలర్ ఫర్నేసులో ఒత్తిడిని బయటి గాలికంటే కాస్త తక్కువగా ఎందుకు ఉంచేవాళ్లం? ఎక్కడైనా కన్నం పడితే బయటి గాలి లోపలికి పోవాలి తప్ప లోపలి మంట, పొగ మనిషి మీదికి రాకూడదని. ఈ పొయ్యిలో కూడా అదే సూత్రం.

ఇక్కడ ఒక్క ముక్క గట్టిగా గుర్తు పెట్టుకోండి. ఫ్యానుకు ముందున్న భాగం, అంటే తలుపు, నిప్పు గిన్నె, బూడిద అర, ఇవన్నీ లాగుడు వైపు. అక్కడ సందు ఉంటే గాలి లోపలికి పోతుంది. మంట చెడుతుంది గానీ ఫ్యాను సరిగ్గా తిరుగుతున్నంతసేపూ పొగ గదిలోకి రాదు. ఫ్యాను తరువాతి భాగం, అంటే వెనుక గొట్టం, నెట్టుడు వైపు. అక్కడ అతుకులో వెంట్రుక వాసి సందు ఉన్నా పొగ గదిలోకే వస్తుంది. మామూలు కట్టెల పొయ్యి పొగగొట్టానికీ దీనికీ ఉన్న తేడా ఇదే. ఇది తెలియకే చాలామంది తలుపు వైపు వెతుకుతారు, లోపం వీపు వెనక ఉంటుంది.

ఇప్పుడు మా అబ్బాయి ఇంటి సంగతి చెబుతాను. వాళ్లు మసాచుసెట్స్ రాష్ట్రంలో ఉంటారు. నేనూ మా ఆవిడా వెళ్లేసరికి డిసెంబరు. మనవరాలికి ఎనిమిది నెలలు. ఇంట్లో కమురు వాసన. పొయ్యి పెట్టిన మనిషిని మావాడు పిలిపిస్తే, "కొత్త రంగు వాసన, కాలుతూ కాలుతూ పోతుంది" అని చెప్పి వెళ్లిపోయాడు. కొత్త పొయ్యికి రంగు కాలే వాసన రావడం నిజమే. కానీ అది మొదటి కొద్ది మంటలతో పోవాలి. వీళ్లు పొయ్యి పెట్టి రెండు నెలలయింది.

నేను కోడలిని అడిగాను. "అమ్మా, వాసన రోజంతా వస్తోందా, ఏదైనా ఒక వేళకే వస్తోందా?" ఆ అమ్మాయి ఆలోచించి, "మామయ్యగారూ, పొద్దున్న స్టౌ వెలిగిన పావుగంటసేపే వస్తోంది. తరవాత ఉండటం లేదు. పాప దగ్గేది కూడా అప్పుడే" అంది. సగం సమాధానం ఆ మాటలోనే ఉంది. పొయ్యి రాజుకునేటప్పుడు మంట ఇంకా నిలదొక్కుకోదు, పొగ దట్టంగా ఉంటుంది. ఆ పొగ గొట్టంలోంచి పోతూ అతుకు దగ్గర కారితే వాసన వస్తుంది. మంట పుంజుకున్నాక పొగ పలచబడుతుంది, వాసన తెలియదు. తెలియదు అన్నానే తప్ప కారడం ఆగింది అనలేదు.

మర్నాడు తెల్లవారకముందే దీపాలన్నీ ఆర్పించాను. పొయ్యి వెలిగించి, వెనుక గొట్టం మీదికి టార్చిలైటు అడ్డంగా పట్టాను. గొట్టం గోడ వైపు మలుపు తిరిగే చోట, బూడిద తీయడానికి మూత ఉండే టీ ఆకారపు అతుకు దగ్గర, అగరువత్తి పొగలా సన్నటి దారం లేస్తోంది. మా అబ్బాయిని పిలిచి చూపించాను. వాడు లైసెన్సు ఉన్న వేరే మెకానిక్‌ను పిలిపించాడు. ఆయన గొట్టం ఊడదీసి, తుడిచి, వేడికి తట్టుకునే సిలికాన్ పూసి మళ్లీ బిగించాడు. వాసన పోయింది, పాప దగ్గూ తగ్గింది.

కథ అక్కడితో అయిపోలేదు. ఫిబ్రవరిలో మంచు తుపాను వచ్చింది. రాత్రి కరెంటు పోయింది. కరెంటు పోతే ఫ్యాను ఆగుతుంది, గిన్నెలో నిప్పు మాత్రం ఆగదు. ఆ ఇంట్లో గొట్టం పొయ్యి వెనక నుంచి అడ్డంగా గోడలోకి పోయింది తప్ప పైకి లేవలేదు. నిలువు గొట్టమైతే వేడి పొగ తనంతట తానే పైకి పోతుంది. మన సింహాద్రి చిమ్నీ 275 మీటర్లు ఎందుకు కట్టారు? పొగను ఎత్తులో వదిలి దూరంగా చెదరగొట్టడానికి. దానితోపాటు అంత ఎత్తున్న వేడి పొగ స్తంభానికి సహజమైన లాగుడు కూడా ఉంటుంది. అడ్డ గొట్టానికి ఆ లాగుడు లేదు. పొగ వెనక్కి తన్నింది. అయిదు నిమిషాల్లో, పైనున్న కార్బన్ మోనాక్సైడ్ అలారం, బ్యాటరీతో నడిచేది, చెవులు చిల్లులు పడేలా కూయడం మొదలుపెట్టింది.

మా ఆవిడ పాపను దుప్పట్లో చుట్టుకుంది. కోట్లు తొడుక్కుని అందరం బయటికి వచ్చి పక్కింటికి వెళ్లాం. మావాడు అక్కడి నుంచి అగ్నిమాపక దళానికి ఫోను చేశాడు. వాళ్లు మీటరు పట్టుకుని ఇంట్లోకి వెళ్లి, తలుపులు తీయించి, గాలి బాగుపడిందని చెప్పాకనే మమ్మల్ని లోపలికి పంపారు. ఆ తరువాత మెకానిక్ గొట్టాన్ని కొంత నిలువుగా పైకి లేపి బయటికి తిప్పాడు. కరెంటు పోయినా ఫ్యాను కొంతసేపు తిరిగేలా చిన్న యు.పి.ఎస్. పెట్టారు.

ఆ అలారం ఎందుకుందో మీకు చెప్పాలి. 2005 జనవరిలో అదే రాష్ట్రంలో మంచు తుపానుకు ఒక ఇంటి హీటరు పొగ బయటికి పోయే దారి మంచుతో మూసుకుపోయి, ఏడేళ్ల పాప కార్బన్ మోనాక్సైడ్‌తో చనిపోయింది. ఆ పాప పేరు మీదే చట్టం చేశారు. 2006 మార్చి 31 నుంచి అక్కడ ఇళ్లలో ఈ అలారం తప్పనిసరి. ఎవరి బిడ్డో పోతే వచ్చిన చట్టం ఆ రాత్రి మా మనవరాలిని కాపాడింది.

ఉక్కు కర్మాగారంలో బ్లాస్ట్ ఫర్నేస్ దగ్గర పనిచేసిన మిత్రులు ఇక్కడ ఉన్నారు. ఈ వాయువు సంగతి వాళ్లకు వేరే చెప్పనక్కర్లేదు. దీనికి రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హిమోగ్లోబిన్ ఆక్సిజన్‌ను పట్టుకునేదానికంటే 200 రెట్లకు పైగా గట్టిగా దీన్ని పట్టుకుంటుంది. ముందు తలనొప్పి, తల తిరుగుడు, వికారం, తరవాత మతి తప్పడం. మన వయసులో ఇవన్నీ బి.పి. అనో, పైత్యం అనో అనుకుని పడుకుంటాం. ఇంట్లో ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చి, బయటికి వెళితే తగ్గిందంటే అది పైత్యం కాదు, గాలి. వెంటనే బయటికి రండి.

ఇక లోపం పట్టుకునే పద్ధతి. ప్లాంటులో లాగ్ బుక్కు రాసినట్టు మూడు ప్రశ్నలు వేసుకోవాలి. ఎప్పుడు? ఎక్కడ? ఎలాంటిది?

ఎప్పుడు అంటే ఇలా చూడండి. వెలిగించేటప్పుడు మాత్రమే వస్తే గొట్టం అతుకులు అనుమానించాలి. కాలుతున్నంతసేపూ వస్తే, మంట సోమరిగా, ముదురు నారింజ రంగులో ఆడుతూ అద్దం నల్లబడుతుంటే గాలి చాలడం లేదని అర్థం. నిప్పు గిన్నె కన్నాలు బూడిద గడ్డలతో పూడి ఉంటాయి, లేదా లోపలి దారుల్లో, ఫ్యాను రెక్కల మీద బూడిద పేరుకుని ఉంటుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాను వేసినప్పుడే వస్తే, బిగుతుగా మూసిన ఇంట్లో ఆ ఫ్యాను పొయ్యితో పోటీపడి గాలిని లాగుతోందన్నమాట. పొయ్యికి బయటి నుంచి వేరే గాలి గొట్టం పెట్టించాలి. గాలి వీచినప్పుడే వస్తే గొట్టం మూతి కిటికీకి దగ్గరగా ఉండి పొగ తిరిగి ఇంట్లోకే వస్తుందేమో బయటికి వెళ్లి చూడాలి.

ఎక్కడ అంటే, తలుపు దగ్గరైతే దాని చుట్టూ ఉండే తాడులాంటి గాస్కెట్ చూడాలి. చల్లారిన పొయ్యి తలుపు సందులో ఒక కాగితం పెట్టి మూసి లాగండి. సులువుగా జారిపోతే అక్కడ గాస్కెట్ అరిగింది. తొట్టిలోంచి పొగ వస్తే తొట్టి మూత సరిగ్గా పడటం లేదు, లేదా మరలోంచి మంట వెనక్కి పాకుతోంది. రెండోది ప్రమాదం, వెంటనే ఆపించాలి.

ఎలాంటిది అంటే, పుల్లటి ఘాటైన పొగ తడిసిన గుళికల గుర్తు. అక్కడ గుళికలు 40 పౌన్ల సంచుల్లో, అంటే సుమారు 18 కిలోల సంచుల్లో వస్తాయి. సంచిని సిమెంటు నేల మీద పెట్టకూడదు, చెమ్మ పడుతుంది. మంచి గుళిక గట్టిగా, నున్నగా ఉంటుంది. నీళ్లలో వేస్తే ఉబ్బి పొట్టుగా విడిపోతుంది. సంచి అడుగున పొడి ఎక్కువుంటే అది మంటను ఉక్కిరిబిక్కిరి చేస్తుంది. ప్లాస్టిక్, వైరు కాలిన వాసనైతే తర్కించకుండా కరెంటు ఆపించి మెకానిక్‌ను పిలవండి. వాసనే లేకుండా అలారం కూస్తే అన్నిటికంటే అది పెద్ద ప్రమాదం.

గుళికలు నిల్వ ఉంచడంలో కూడా జాగ్రత్త ఉంది. కాల్చకపోయినా, పెద్ద మొత్తంలో మూసిన చోట ఉంచితే కట్టెలోని కొవ్వు పదార్థాలు గాలితో కలిసి కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. 2006లో స్వీడన్‌లోని హెల్సింగ్‌బోర్గ్ రేవులో గుళికలు తెచ్చిన ఓడలో, గిడ్డంగి పక్కనున్న మెట్ల దారిలోకి దిగిన మనిషి ఈ వాయువుకే చనిపోయాడు. రేవులో పనిచేసిన మన మిత్రులకు మూసిన హోల్డు అంటే ఏమిటో బాగా తెలుసు. ఇంట్లో నాలుగు సంచులతో ఆ భయం లేదు గానీ, గాలి ఆడని చిన్న గదిలో టన్నుల కొద్దీ నింపకూడదు.

బూడిద మాట కూడా చెప్పేస్తాను. పొయ్యి ఆరింది కదా అని బూడిదను ప్లాస్టిక్ బకెట్‌లో ఎత్తకూడదు. పైకి చల్లగా కనిపించే బూడిదలో నిప్పు రవ్వ చాలా గంటలు బతికి ఉంటుంది. మూత ఉన్న ఇనుప డబ్బాలో ఎత్తి, ఇంటికి దూరంగా, నేల మీద పెట్టాలి.

అమెరికా సంగతి చాలు, మన ఇంటికి వద్దాం. ఇక్కడా పొగకు దారి లేకపోతే ఊపిరికి దారి ఉండదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం ఇళ్లలోని వంట పొగ వల్ల 2020లో ప్రపంచంలో 32 లక్షల మంది చనిపోయారు. పొగలేని పొయ్యి పథకం 1983లో, మన రాష్ట్రంలో దీపం పథకం 1999లో, ఉజ్జ్వల 2016లో వచ్చాయి. మన ఇళ్లలో చాలావరకు గ్యాసే. కానీ నీళ్లు కాచుకోవడానికి పెరట్లో కట్టెల పొయ్యి ఇంకా ఉంది. దాన్ని గోడల మధ్యకు తేకండి. చలికాలంలో బాలింత గదిలో కుంపటి పెట్టి తలుపులు బిగించవద్దు. గ్యాస్ గీజరు స్నానాల గదిలో కాక బయట ఉండాలి. తుపానుకు కరెంటు పోతే జనరేటరు వరండాలో కూడా పెట్టకండి. హుద్‌హుద్ తరవాత 2014 అక్టోబరులో ఎన్ని రోజులు చీకట్లో ఉన్నామో మీకు గుర్తుంది.

గ్యాసు మంటకూ కట్టె మంటకూ ఒక తేడా ఉంది. కట్టె మంట పసుపుగా ఉండటం సహజం. గ్యాసు మంట మాత్రం నీలంగా ఉండాలి. పసుపు తిరిగి గిన్నె అడుగు మసిబారుతుంటే బర్నరు కన్నాలు శుభ్రం చేయించాలి. గ్యాసుకు సొంత వాసన ఉండదు. మనల్ని హెచ్చరించడానికే కంపెనీలు మెర్కాప్టాన్ అనే కంపు కలుపుతాయి. అది గాలికంటే బరువు, నేల మీద పాకుతుంది. వాసన వస్తే స్విచ్చి వేయవద్దు, ఉన్నది ఆపవద్దు కూడా. రెగ్యులేటరు మూసి, తలుపులు నేల దాకా బార్లా తెరిచి, బయటికి వచ్చి 1906కు ఫోను చేయండి. కారుతున్న చోటు సబ్బు నురగతో వెతకాలి, అగ్గిపుల్లతో కాదు. 1997 సెప్టెంబరు 14 తెల్లవారుజామున విశాఖ రిఫైనరీలో గ్యాసు లీకై అంటుకుని 50 మందికి పైగా చనిపోయిన రోజును ఈ ఊరివాళ్లకు గుర్తు చేయనక్కర్లేదు.

చివరగా ముక్కు సంగతి. మన వయసులో ముక్కు మొద్దుబారుతుంది. కోవిడ్ తరవాత కొందరికి వాసన పూర్తిగా తిరిగి రాలేదు. కొన్ని విషవాయువులు ముక్కునే చంపేస్తాయి. హైడ్రోజన్ సల్ఫైడ్ మోతాదు పెరిగితే కుళ్లు గుడ్ల కంపు తెలియడమే మానేస్తుంది. వాసన తగ్గింది కదా, పోయిందనుకుంటాం. 2020 మే 7న ఆర్.ఆర్. వెంకటాపురంలో స్టైరీన్ ఆవిరికి 12 మంది, అదే జూన్ 30న మన పరవాడ ఫార్మా సిటీలో విషవాయువుకు ఇద్దరు పోయారు. అందుకని ఇంట్లో ఎవరైనా, చిన్నపిల్లలైనా సరే, "ఏదో వాసన" అంటే "నాకేం రావట్లేదే" అని కొట్టిపారేయకండి. లేచి చూడండి.

ఈ సభ నుంచి ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయమని మనవి. మొదటిది, గ్యాసు రబ్బరు ట్యూబు మీద తేదీ చూడండి, అయిదేళ్లు దాటితే మార్పించండి. రెండవది, సిలిండరు మెడ మీద అక్షరం, సంవత్సరం చదవండి. ఎ అంటే జనవరి నుంచి మార్చి, బి అంటే ఏప్రిల్ నుంచి జూన్, సి అంటే జూలై నుంచి సెప్టెంబరు, డి అంటే అక్టోబరు నుంచి డిసెంబరు. ఆ గడువు దాటినది తీసుకోవద్దు. మూడవది, చలిదేశంలో ఉన్న పిల్లలకు ఈ రాత్రే ఫోను చేసి, "అలారం ఉందా, బ్యాటరీ మార్చారా, పొగగొట్టం మూతి మీద మంచు తీస్తున్నారా" అని అడగండి. నాన్నకు చాదస్తం అని నవ్వుతారు. నవ్వనివ్వండి.